నవలలో దాచింది తెరమీద ఎక్కడ దాచారో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

థ్రిల్లర్ నవల సినిమాగానో వెబ్ సిరీస్‌గానో వచ్చినప్పుడల్లా సమీక్షల్లో ఒక వాక్యం తప్పకుండా కనబడుతోంది: "నవల చదివినవారికి నిరాశే." హాలు బయట కూడా అదే మాట, మన యాసలో. "ఇదేటిరా, పుస్తకంలో ఇలా లేదు కదా!" పుస్తకంలో ఎలా ఉంది, తెరమీద ఎలా మారింది, మార్చకపోతే ఏమయ్యేది అన్నది మాత్రం సమీక్షకులూ చెప్పరు, అభిమానులూ చెప్పరు. ఈ నవలలు వరసపెట్టి చదివే విజయనగరం, శ్రీకాకుళం పాఠకులం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. మార్చినందుకు ఎవర్నీ తిట్టనక్కర్లేదు, తప్పు చోట మార్చినందుకు తిట్టాలి అన్నది మా వాదన. ఉత్తరం పొడుగే. కత్తెర ఎలాగూ మీ చేతిలోనే ఉంది.

మార్పు అంటేనే పాపం అనుకునేవారికి విజయనగరంలోనే జవాబు ఉంది. 'కన్యాశుల్కం' 1892లో ఇక్కడ ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడవారే దాన్ని చాలామటుకు తిరగరాసి రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ మనం నెత్తిన పెట్టుకునేది ఆ రెండోదాన్నే. రాసినాయనే అంత మార్చుకున్నాక, 1955లో సినిమా తీసినవాళ్ళని ఎందుకు మార్చారని నిలదీయలేం. ఎలా మార్చారని అడగొచ్చు.

ముందు నిడివి లెక్క. 300 పేజీల తెలుగు నవలని పైకి చదివితే 8, 9 గంటలు పడుతుంది. సినిమా రెండున్నర గంటలు. స్క్రిప్టులో ఒక పేజీ తెరమీద ఒక నిమిషం అన్నది సినిమావాళ్ళ వాడుక కొలత. అంటే 150 పేజీలు, 60, 70 సీన్లు. అయిదు పాటలకి 20 నిమిషాలు, రెండు ఫైట్లకి పదో పన్నెండో తీసేస్తే కథకి మిగిలేది రెండు గంటలే. ఎంత గొప్పవాడు తీసినా నవలలో ముప్పాతిక భాగం వదులుకోవాల్సిందే. కాబట్టి "ఫలానా సీను లేదు" అన్న ఫిర్యాదుని మేం లెక్కలోకి తీసుకోం. పోయిన సీను తనతోపాటు ఏం పట్టుకుపోయిందో చూడాలి.

మంచి థ్రిల్లర్లో ఒక క్లూ మూడుసార్లు వస్తుంది. పాఠకుడు పట్టించుకోకుండా దాటిపోయేలా మొదట ఒకసారి, మరీ మరచిపోకుండా మధ్యలో ఒకసారి, ముడి విప్పేటప్పుడు చివర్లో ఒకసారి. కత్తిరింపులో పోయేది చాలావరకు మధ్యదే, ఎందుకంటే అది లేకపోయినా కథ నడిచినట్టే కనబడుతుంది. తీరా క్లైమాక్సులో హీరో ఆ క్లూ బయటపెట్టేసరికి ప్రేక్షకుడికి గుర్తుండదు. "ఇది ఎప్పుడు చెప్పాడు?" అని పక్కవాణ్ణి అడుగుతాడు. అప్పుడు విరుగుడుగా పాత షాట్లన్నీ ఏరి ఫ్లాష్‌బ్యాక్ వేస్తారు. ఆ ఫ్లాష్‌బ్యాక్ అర నిమిషం దాటి సాగిందంటే మధ్య మెట్టు ఎక్కడో ఎగిరిపోయిందని మేం అర్థం చేసుకుంటాం.

పాత్రలు కలిపేయడం కూడా నిడివి కోసమే. దీనికి కీగో హిగాషినో 2005 నాటి జపనీస్ నవల 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' మంచి పాఠం. జపాన్‌లో 2008లో, కొరియాలో 2012లో, చైనాలో 2017లో, హిందీలో 'జానే జాన్' పేరుతో 2023లో సినిమాగా వచ్చింది. నవలలో పోలీసు అధికారి వేరు, అతనికి సాయపడే ఫిజిక్స్ ప్రొఫెసరు వేరు. ప్రొఫెసరూ, అనుమానితుడైన లెక్కల మాస్టరూ కాలేజీనాటి స్నేహితులు. కొరియా సినిమా ప్రొఫెసర్ని తీసేసి ఆ స్నేహాన్ని పోలీసుకే అప్పగించింది. హిందీలోనూ పోలీసే పాత స్నేహితుడు. దాంతో స్నేహితుణ్ణి పట్టించాలా వద్దా అన్న చిక్కు నేరుగా కేసు చూసే మనిషి మెడకే చుట్టుకుంది. పోయిందల్లా ఇద్దరు మేధావుల మధ్య ఎత్తుకు పైఎత్తుల ఆట. ఆ ఆట ఇష్టమైనవాళ్ళు జపాన్ సినిమాకి ఓటేస్తారు. ఎవరికి ఏది నచ్చినా, కొరియావాళ్ళు తెలియక చేసిన పని కాదది. ఇలాంటివి సమీక్షలో రెండు వాక్యాల్లో చెప్పొచ్చు.

మన నవలలకి ఇంకో తంటా ఉంది. వాటిలో చాలాభాగం వారపత్రికల సీరియళ్ళు. 30, 40 వారాలు నడిచే సీరియల్లో ప్రతివారం 'సశేషం' ముందు ఒక కుదుపు ఉండాలి, లేకపోతే వచ్చేవారం పత్రిక కొనరు. పుస్తకంగా అచ్చయ్యాక కూడా ఆ కుదుపులు అలాగే ఉంటాయి. సినిమాకి ఇంటర్వెల్ ఒక్కటే. అందులో పెద్దది ఇంటర్వెల్‌కి వెళ్తుంది, మూడో నాలుగో మలుపులుగా మిగులుతాయి, తక్కినవి తీసేయాలి. తీయడానికి మనసొప్పక అన్నీ ఉంచితే అయిదు నిమిషాలకోసారి ఎవరో తలుపు తడుతూనే ఉంటారు. మూడోసారికి ప్రేక్షకుడు ఉలిక్కిపడడం మానేస్తాడు. పైగా ఆ కుదుపుల్లో కొన్ని దొంగవి. పోయినవారం చివర్లో తలుపు తీసి కెవ్వుమన్న మనిషి ఈవారం మొదటి పేరాలో పిల్లిని చూసి నవ్వుకుంటుంది. మధ్యలో వారం గడిచింది గనక పాఠకుడు సరిపెట్టుకుంటాడు, రెండు సెకన్లలో పిల్లి కనబడితే ప్రేక్షకుడికి ఒళ్ళు మండుతుంది.

అలాగైతే సీరియల్ నవలకి వెబ్ సిరీసే తగినదని అభిమానులు అంటుంటారు. సగం నిజం. 40 నిమిషాల చొప్పున ఎనిమిది భాగాలంటే అయిదు గంటల పైన చోటు దొరుకుతుంది, ఏడు చోట్ల సశేషం పెట్టుకోవచ్చు. కానీ ఎక్కువ సిరీస్‌లు నాలుగు, అయిదు, ఆరు భాగాల్లో నీరసపడతాయి. దొరికిన చోటులో నవలలోని ఉపకథల్ని వాడుకోకుండా అసలు కథనే సాగదీయడం వల్ల వచ్చే జబ్బు అది. విచారణ చేసేవాడు అడిగినవాళ్ళనే మళ్ళీ అడుగుతుంటాడు. మామూలు సీరియల్ నవలకి ఆరు భాగాలు చాలు.

అసలు చిక్కంతా దాపరికంలో ఉంది. రచయిత "ఆ ఆకారం గోడ దూకింది" అని రాసి ఊరుకోవచ్చు. తెలుగులో ఆడమనిషికీ ఆకారానికీ క్రియ ఒకటే గనక దూకింది ఆడో మగో కూడా తేలదు. కెమెరాకి ఆ వెసులుబాటు లేదు. ఎత్తు, నడక, చెప్పులు, చేతి గడియారం అన్నీ పట్టేస్తుంది. అందుకే ప్రతి సినిమాలోనూ అదే రెయిన్‌కోటు, అవే గ్లోవ్స్, అదే బూట్ల క్లోజప్పు. ఇంతకన్నా పెద్ద లీకు నటుల ఎంపికలో ఉంటుంది. పేరున్న నటుడు మొదటి గంటలో రెండే రెండు సీన్లలో కనబడి, టీ తాగి వెళ్ళిపోయాడంటే హంతకుడెవరో బాల్కనీ మొత్తానికీ తెలిసిపోతుంది. నవలలో పాత్రలకి పారితోషికం ఉండదు గనక రచయితకి ఈ బాధ లేదు. విరుగుడు లేకపోలేదు. ఆ పాత్రకి కొత్త ముఖాన్ని తీసుకోవాలి, లేదంటే పేరున్నవాళ్ళని ముగ్గుర్ని అదే స్థాయి పాత్రల్లో పెట్టాలి. రెండోది ఖర్చుతో కూడిన పని.

దాచడం కుదరనప్పుడు తెగించి చెప్పేయడం ఇంకో దారి. సత్యజిత్ రాయ్ తన డిటెక్టివ్ ఫెలూదా నవల 'సోనార్ కెల్లా'ని 1974లో తనే సినిమా తీశారు. 1971 నాటి పుస్తకంలో దొంగెవరో చివర్లో తెలుస్తుంది. సినిమాలో తొలిభాగంలోనే ప్రేక్షకుడికి చూపించేశారు. దాంతో "ఎవరు?" అన్న ప్రశ్న పోయి, "పసివాడు ఆ దొంగల చేతుల్లో ఉన్నాడే, ఫెలూదా ఎప్పటికి కనిపెడతాడు?" అన్న ఆదుర్దా వచ్చింది. రచయితా దర్శకుడూ ఒకరే అయినా పుస్తకాన్ని యథాతథంగా తీయలేదన్నది గమనించండి. తెరకి తనదైన దాపరికమూ ఉంది. 1991లో వచ్చిన 'ది సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్' చివర్లో ఒకచోట పోలీసులు ఇల్లు చుట్టుముట్టి బెల్లు కొడతారు, ఇంకోచోట లోపలి మనిషి తలుపు తీస్తాడు. రెండూ ఒకే ఇల్లని మనం అనుకుంటాం, కావు. రెండు షాట్లని పక్కపక్కన అతికించి చెప్పిన అబద్ధం అది. థామస్ హారిస్ నవలని తెరకి రాసిన టెడ్ టాలీకి ఆస్కార్ వచ్చింది.

నవలలో ఏ భాగం తెరమీద బతుకుతుందో ముందే పసిగట్టొచ్చు. మనిషి చేసే పని బతుకుతుంది, తలలో తిరిగే ఆలోచన చచ్చిపోతుంది. ఫ్రెడరిక్ ఫోర్సిత్ 'ది డే ఆఫ్ ది జాకాల్' 1971లో వచ్చింది, ఫ్రెడ్ జిన్నెమన్ 1973లో సినిమా తీశాడు. అందులో హంతకుడు గురిపెట్టిన ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ హత్యకి గురికాలేదని, 1970లో మామూలుగానే చనిపోయాడని చదివేవాళ్ళందరికీ తెలుసు. అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం. చనిపోయిన పసివాడి పేరుమీద పాస్‌పోర్టు తీయడం, విడదీసి దాచుకునే తుపాకీ చేయించడం, పుచ్చకాయని చెట్టుకి వేలాడదీసి గురి సరిచూసుకోవడం, అన్నీ కళ్ళెదుట జరిగే పనులే. మన దగ్గర యండమూరి వీరేంద్రనాథ్ 'అభిలాష' 1983లో నిలబడింది కూడా ఇందుకే. నిర్దోషికి ఉరి పడొచ్చని రుజువు చేయడానికి లాయరు తనంత తానే హత్యకేసులో ఇరుక్కుంటాడు. సాక్ష్యం పుట్టించడం, కోర్టు, జైలు గది, దగ్గరపడే తేదీ, అంతా పనే. ఆయన నవలల మీద ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో చిరంజీవితో 'ఛాలెంజ్' (1984), 'రాక్షసుడు' (1986), 'దొంగ మొగుడు' (1987), 'మరణ మృదంగం' (1988) వచ్చాయి. అయిదింటినీ నవలలతో పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళకి ఏ పేజీలు తెరకెక్కాయో, ఏవి డైలాగుగా మారి బరువెక్కాయో ఇట్టే తెలుస్తుంది.

భయం సంగతి దీనికి తలకిందులు. నవలలో దెయ్యాన్ని ఎంత వర్ణిస్తే అంత భయం, తెరమీద ఎంత చూపిస్తే అంత నవ్వు. పీటర్ బెంచ్లీ 'జాస్' 1975లో సినిమా అయినప్పుడు యంత్రపు సొరచేప ఉప్పునీళ్ళలో మాటిమాటికీ మొరాయించింది. దాంతో చేపని తక్కువ చూపించి, నీళ్ళనీ సంగీతాన్నీ వాడుకున్నారు. నవలలోని అక్రమ సంబంధం కథనీ ఎత్తేశారు. సినిమా నవలని మించిపోయిందని మాలో ఎవరికీ పేచీ లేని ఉదాహరణ ఇదొక్కటే కావచ్చు.

ఇక హీరో. పెట్రీషియా హైస్మిత్ 1950 నవల 'స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రైన్'లో కథానాయకుడు చివరికి హత్య చేస్తాడు. మరుసటి ఏడాది హిచ్‌కాక్ సినిమాలో చేయడు. (డెబ్భై అయిదేళ్ళ నాటి ముడి విప్పేసినందుకు మన్నించాలి.) నవల బలమంతా మామూలు మనిషి హంతకుడయ్యే తీరులో ఉంది. దాన్ని తీసేశాక హిచ్‌కాక్ లాంటివాడు కాబట్టి ఇంకేదో పెట్టి నిలబెట్టాడు. మన పెద్ద హీరోల సినిమాల్లో నూటికి తొంభై మార్పులు ఈ కోవవే, అయితే తీసేసిన చోట ఇంకేమీ పెట్టరు. హీరో చేయాల్సిన తప్పుని తమ్ముడికో స్నేహితుడికో తగిలించి, అతన్ని ఇంటర్వెల్‌కి చంపేస్తారు. తప్పు చోట మార్పు అంటే మా లెక్కలో ఇది.

1980ల నవలల్ని ఇప్పుడు తీయాలని చూసేవారికి కాలం కూడా అడ్డం పడుతుంది. ఆ కథల్లో సగం ముళ్ళు ట్రంక్‌కాల్ దొరకకపోవడం మీద, టెలిగ్రాం ఆలస్యం మీద నడుస్తాయి. టెలిగ్రాం సేవ 2013 జులైలోనే ఆగిపోయింది. సెల్‌ఫోను, టవర్ లొకేషన్, సీసీ కెమెరా, డీఎన్ఏ పరీక్ష వచ్చాక ఆ ముళ్ళు పది నిమిషాల్లో విడిపోతాయి. 'సిగ్నల్ లేదు' అని ఒకసారి అనొచ్చు, రెండోసారి అంటే ఈలలేస్తారు. చట్టమూ మారింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది గనక కొత్త హత్యకేసుకి సెక్షన్ 302 ఉండదు, 103 ఉంటుంది. సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షని హైకోర్టు ఖరారు చేసి తీరాలి, సుప్రీంకోర్టుకి వెళ్ళొచ్చు, క్షమాభిక్ష అడగొచ్చు. క్షమాభిక్ష తిరస్కరించాక కూడా 14 రోజుల గడువు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. తీర్పు వచ్చిన నాలుగు రీళ్ళలో ఉరికొయ్య చూపించే క్లైమాక్సు ఇవాళ్టి కథలో నమ్మశక్యం కాదు. నిజానికి ఆ మెట్లన్నీ వాడుకుంటే ఉత్కంఠ ఇంకా పెరుగుతుంది. ఓపిక లేకపోతే కథని నవల రాసిన ఏడాదిలోనే ఉంచేయడం మేలు. నాలుగు పాత కార్లు, డయల్ ఫోన్లు తెచ్చుకునే ఖర్చు కథని పాడుచేసుకునే ఖర్చుకన్నా తక్కువే.

మా జిల్లాల్లో కథ పెట్టేవారికి ఒక మనవి కూడా. శ్రీకాకుళం పట్నంలోకి రైలు రాదు. 'శ్రీకాకుళం రోడ్' స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, పట్నానికి పది కిలోమీటర్ల పైన. రైలు దిగిన హంతకుణ్ణి మరు షాట్‌లో ఏడు రోడ్ల కూడలిలో నిలబెడితే, నిమిషాల లెక్కతో నడిచే ఎలిబీ (నేరం జరిగినప్పుడు వేరేచోట ఉన్నానన్న రుజువు) కథ మొత్తం మా ప్రేక్షకుల ముందు కూలిపోతుంది.

నవల రాసేవాళ్ళు మన వైపు ఇంకా ఉన్నారు కాబట్టి హక్కుల గురించి నాలుగు మాటలు. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం హక్కు అప్పగింత రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశం మొత్తమని అర్థం. కొన్నవాళ్ళు ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకోనిపక్షంలో, హక్కు వెనక్కి వచ్చేస్తుంది. సినిమా, వెబ్ సిరీస్, రీమేక్, డబ్బింగ్, ఆడియో వేటికవే విడిగా రాసుకోవాలి. 'అన్ని హక్కులూ' అన్న ఒక్క మాటకి సంతకం పెట్టేసి తర్వాత బాధపడేవారే ఎక్కువ. టైటిల్స్‌లో నవల పేరూ రచయిత పేరూ ఎక్కడ, ఎలా పడాలో కూడా కాగితం మీద ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా సాహిత్య రచనకి రుసుము 500 రూపాయలే, వివాదం వస్తే తేదీకి రుజువుగా పనికొస్తుంది. హక్కులు అమ్మేశాక కూడా తన పేరు నిలబెట్టుకునే హక్కు, రచనని పరువు పోయేలా వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద రచయితకి ఉంటాయి. హిందీ రచయిత్రి మన్నూ భండారి తన నవల మీద తీసిన సినిమా విషయంలో ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది దీనికోసమే. మరోవైపు, ఉత్త ఆలోచనకి కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. 'నా ఐడియా కొట్టేశారు' అనేవారు ముందు ఆ తీర్పు చదవాలి.

ఇంతకీ మిమ్మల్ని కోరేది చిన్నదే. నవల ఆధారంగా వచ్చిన సినిమాకి సమీక్ష వేసేటప్పుడు పక్కన చిన్న పెట్టె కట్టి నవల పేరు, రచయిత, వచ్చిన ఏడాది, సీరియల్‌గా ఏ పత్రికలో నడిచిందో వేయండి. 'డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు' నవలే 'ఛాలెంజ్' అయిందని, 'నల్లంచు తెల్లచీర' నవలే 'దొంగ మొగుడు' అయిందని తెలియక వెతుక్కునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పుస్తకం దొరకనివారు శ్రీకాకుళంలోని కథానిలయం గ్రంథాలయంలో అడిగి చూడొచ్చు. కథల కోసం దాచిన వారపత్రికల్లోనే సీరియళ్ళూ ఉంటాయి. సమీక్షలో కథ ఇంటర్వెల్ దాకా చెబితే చాలు. ఆ తర్వాత మార్పులు మూడు చెప్పండి: ఏ పాత్ర పోయింది, దాపరికం ఎక్కడికి జరిగింది, ముగింపు మారిందా లేదా. ఎలా మారిందో మాత్రం రాయకండి, రెండో ఆటకి టిక్కెట్లు కొన్నవాళ్ళం ఉంటాం.

ఇట్లు,
థ్రిల్లర్ నవలల పాఠకులు కొందరు,
విజయనగరం, శ్రీకాకుళం